మానిటర్‌లో బొమ్మ కుదుపు: కొత్తది కొనేముందు చూడవలసినవి



టీవీ మన పల్లెలకు కొత్తగా వచ్చిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. మిద్దె మీద యాంటెనా, కింద నడవలో వీధి జనమంతా. మంచి ఘట్టం వచ్చే సమయానికి బొమ్మ పైనుంచి కిందికి దొర్లడం మొదలుపెట్టేది. ఇంటాయన లేచి పెట్టె వెనక్కి వెళ్ళి వి-హోల్డ్ అనే చిన్న గుబ్బను అటూ ఇటూ తిప్పేవాడు. బొమ్మ నిలిచేది. ఆ గుబ్బ చేసిన పని పెద్దదేమీ కాదు. స్టేషను బొమ్మలు పంపే లెక్కకూ, పెట్టె బొమ్మలు చూపే లెక్కకూ పొత్తు కుదర్చడమే.

ఆ గుబ్బ పోయింది, ఆ టీవీ పోయింది. పొత్తు కుదరని తగాదా మాత్రం పోలేదు. కంప్యూటర్‌లో ఆటలాడే పిల్లలున్న ఇళ్ళకు అది వేరే రూపంలో వచ్చింది. 144 హెర్ట్జ్ అని, 165 హెర్ట్జ్ అని చెప్పి గేమింగ్ మానిటర్ కొంటారు. ఇంటికి తెచ్చి పెట్టాక బొమ్మ గతుకుల రోడ్డు మీద బస్సులా కుదుపుతుంది. దీన్ని ఇంగ్లీషులో స్టట్టర్ అంటారు. ఆ మాటకు నత్తి అని అర్థం. నా తరగతిలో మాట తడబడే పిల్లలు ఉన్నారు. వాళ్ళ ఇబ్బందిని యంత్రానికి పేరుగా పెట్టడం నాకు ఇష్టం లేదు. కాబట్టి ఈ ప్రసంగంలో దాన్ని కుదుపు అనే అందాం.

పోయిన వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడి తండ్రి మా ఇంటికి వచ్చాడు. పాలక్కోడు పక్క పల్లె. మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం. ధర్మపురి పట్టుగూళ్ళ మార్కెట్టులో గూళ్ళు అమ్మిన డబ్బుతో కొడుక్కు 165 హెర్ట్జ్ మానిటర్ కొనిచ్చాడు. ఆ అబ్బాయి బెంగళూరులో యానిమేషన్ చదువుతున్నాడు, సెలవులకు ఇంటికి వచ్చి స్నేహితులతో ఆటలాడుతున్నాడు. మూడు వారాలు తిరగకముందే బొమ్మ కుదుపుతోందని గొడవ. ఒక అంగట్లో అడిగితే గ్రాఫిక్స్ కార్డు మార్చాలి, ఇంకో 25,000 రూపాయలు అవుతుంది అన్నారట.

"అయ్యవారూ, రెండు పంటలు తీసినా చేతిలో అంత మిగలదు. మానిటరు తప్పా, పిల్లోడి తప్పా, మీరే వచ్చి చూసి చెప్పాల" అన్నాడు.

ఆ ఆదివారం వెళ్ళాను. అక్కడ ఏ వరసలో ఏమి చూశామో అదే వరసలో మీకు చెబుతాను. రేడియోలో బొమ్మ చూపలేను గనుక కాస్త నిదానంగా చెబుతాను. ఇంట్లో ఇలాంటి మానిటర్ ఉన్నవారు పెన్సిలూ కాగితమూ దగ్గర పెట్టుకోండి.

ముందు ఈ హెర్ట్జ్ అంటే ఏమిటో తెలియాలి. మానిటర్ ఒక సెకనులో ఎన్నిసార్లు బొమ్మను తిరగరాస్తుందో ఆ లెక్క అది. మామూలు మానిటర్ 60 సార్లు రాస్తుంది. అంటే ఒక్కో బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ మానిటర్‌లో అది 6.9 మిల్లీసెకన్లు. 165లో 6 మిల్లీసెకన్ల చిల్లర. ఈ బొమ్మలను గీసి ఇచ్చేది కంప్యూటర్ లోపలి గ్రాఫిక్స్ కార్డు. అది సెకనుకు గీసే బొమ్మల సంఖ్యను ఎఫ్‌పీఎస్ అంటారు. గీసేవాడు ఒకడు, చూపేవాడు ఇంకొకడు. ఇద్దరి వేగమూ ఒకటే కావాలని ఏమీ లేదు. తగాదా అంతా అక్కడే.

ఆ పల్లెలో వైర్‌మ్యాన్ పని చేసే ఒకాయన కూడా వచ్చి కూర్చున్నాడు. మన కరెంటే 50 హెర్ట్జ్ కదా, 165 హెర్ట్జ్ పెట్టె అందులో ఎట్లా ఆడుతుంది, అందుకే కుదుపు అన్నాడు. ప్రశ్న తెలివైనదే. పాత టీవీల కాలంలో సెకనుకు 50 సార్లు తెరను పైనుంచి కిందికి గీయాలని మన దేశంలో ఎంచుకోవడానికి కరెంటు 50 హెర్ట్జ్ కావడం ఒక కారణం. ఇప్పటి మానిటర్ అలా కాదు. దాని అడాప్టర్ గోడ కరెంటును ముందే డీసీగా మార్చేస్తుంది. బొమ్మల లెక్క లోపలి సొంత గడియారం చూసుకుంటుంది. కరెంటు హెర్ట్జ్‌కూ మానిటర్ హెర్ట్జ్‌కూ పేరు ఒకటే గానీ చుట్టరికం లేదు.

ఇక ఆటలోని కుదుపు సంగతి. పిల్లలు అన్నిటికీ ఒకే మాట వాడతారు: "ల్యాగ్ కొడతా ఉంది సార్" అని. ఇంటర్నెట్ ఆలస్యానికీ అదే మాట, బొమ్మ కుదుపుకూ అదే మాట. ముందు ఈ రెంటినీ విడదీయాలి. ఇంటర్నెట్ తప్పయితే చుట్టూ గోడలూ చెట్లూ నున్నగానే కదులుతాయి, ఎదుటి ఆటగాడు మాత్రం ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతాడు, లేదా మనమే నాలుగడుగులు వెనక్కి లాగబడతాము. బొమ్మ తప్పయితే ఎవరూ లేని మైదానంలో ఒంటరిగా నిలబడి మౌస్ తిప్పినా గోడలతో సహా కుదుపుతుంది. వైఫై ఆపి, ఒంటరిగా ఆడే ఆట ఒకటి తెరిచి చూడటం మరీ మంచి పరీక్ష. మన అబ్బాయి విషయంలో గోడలే కుదిపాయి. కనుక బ్రాడ్‌బ్యాండు వాళ్ళను తిట్టే అవసరం తప్పింది.

తరువాత విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచాము. అందులో సిస్టమ్, దానిలో డిస్‌ప్లే, కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ రిఫ్రెష్ రేట్ ఎంచుకోమని ఒక గడి ఉంటుంది. అందులో 60 అని ఉంది. మూడు వారాలుగా ఆ మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపిస్తోందన్నమాట. తండ్రి ముఖం చూడాలి ఆ క్షణంలో. ఇది చాలా ఇళ్ళలో జరిగేదే. మానిటర్ పెట్టె మీద ఎంత రాసి ఉన్నా, కంప్యూటర్‌కు మనం చెప్పనిదే అది చాలాసార్లు పాత 60తోనే మొదలుపెడుతుంది. ఆట లోపలి వీడియో సెట్టింగుల్లో కూడా ఇలాంటి గడి వేరుగా ఉండవచ్చు, దాన్నీ చూసుకోవాలి.

గడి నొక్కితే 120 వరకే కనిపించింది, 165 లేదు. అప్పుడు వెనక తీగ చూశాము. పాత మానిటర్‌కు వాడిన హెచ్‌డీఎంఐ తీగే దీనికీ పెట్టారు. చాలా మానిటర్లలో హెచ్‌డీఎంఐ రంధ్రం పాత రకంది, పూర్తి వేగం మోయలేదు. పూర్తి వేగం కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ అనే రెండో రంధ్రం వాడాలి. దాని కొన ఒక మూల కోసినట్టు ఉంటుంది. ఆ తీగ మానిటర్ వచ్చిన అట్టపెట్టెలోనే ప్లాస్టిక్ సంచి విప్పకుండా పడి ఉంది. తెచ్చి పెట్టాము, 165 వచ్చింది. అన్నట్టు, తీగ రెండో కొన గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. కంప్యూటర్ వెనక పైభాగంలో, యూఎస్‌బీ రంధ్రాల పక్కన కూడా అలాంటి రంధ్రాలు ఉంటాయి. అక్కడ తగిలిస్తే వేలు పోసి కొన్న కార్డు పక్కన పడి నిద్రపోతుంది.

ఇంతటితో మౌస్ బాణం వెన్నలా కదిలింది. అబ్బాయి సంతోషపడి ఆట తెరిచాడు. కుదుపు తగ్గింది గానీ పోలేదు. పైగా కొత్తది ఒకటి మొదలైంది: వేగంగా తిరిగితే బొమ్మ నడుమ అడ్డంగా చిరిగినట్టు, పై సగం ఒకచోట, కింది సగం ఇంకోచోట.

ఇప్పుడు అసలు సంగతిలోకి వచ్చాము. ధర్మపురి బస్టాండులో టౌను బస్సును తలుచుకోండి. ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా వేళకు బయలుదేరుతుంది. మానిటర్ అలాంటిది. గ్రాఫిక్స్ కార్డు గీసిన బొమ్మ ప్రయాణికుడు. బొమ్మ వేళకు రాకపోతే బస్సు పాత బొమ్మనే మళ్ళీ తీసుకుని వెళుతుంది. కంటికి అది కుదుపు. బస్సు కదులుతుండగా మధ్యలో కొత్త బొమ్మ ఎక్కితే చిరుగు. గోడ మీద పాత సినిమా పోస్టరు సగం ఉండగా దాని మీద కొత్త పోస్టరు సగం అంటించినట్టు ఉంటుంది. చిరుగు వద్దనుకుంటే వి-సింక్ అనే సెట్టింగు ఉంది. బొమ్మను తలుపు దగ్గర ఆపి, తరువాతి బస్సుకే ఎక్కిస్తుంది. చిరుగు పోతుంది, కానీ మన చేతి కదలికకూ తెర మీది కదలికకూ మధ్య కాస్త జాప్యం వస్తుంది. బొమ్మ ఒక్క క్షణం ఆలస్యమైనా ఒక బస్సు తప్పిపోతుంది గనుక కుదుపూ మిగులుతుంది.

దీనికి మందు షేర్ ఆటో. షేర్ ఆటోకు వేళ లేదు, ప్రయాణికుడు వచ్చినప్పుడు కదులుతుంది. మానిటర్‌ను అలా నడిపే పద్ధతిని ఎన్‌విడియా కంపెనీ 2013 అక్టోబరులో జి-సింక్ అనే పేరుతో ప్రకటించింది. దానికి మానిటర్‌లో ఒక ప్రత్యేకమైన బోర్డు కావలసి వచ్చేది, ధర ఎక్కువగా ఉండేది. 2014లో వీసా అనే ప్రమాణాల సంస్థ అదే పనిని డిస్‌ప్లేపోర్ట్‌లో అడాప్టివ్-సింక్ అనే పేరుతో చేర్చింది. ఏఎండీ కంపెనీ దాని మీద ఫ్రీసింక్ తెచ్చింది. 2015లో ఆ మానిటర్లు అంగళ్ళకు వచ్చాయి. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా, 10 వరుస మొదలుకొని, ఇలాంటి మామూలు మానిటర్లతో డిస్‌ప్లేపోర్ట్ ద్వారా కలిసి పని చేస్తున్నాయి. తక్కువ ధర మానిటర్‌కు కూడా ఈ సౌకర్యం వచ్చింది అలాగే.

అయితే దాన్ని రెండు చోట్ల తెరవాలి. మానిటర్ అడుగున లేదా వెనక ఉండే బటన్ నొక్కితే దాని సొంత మెనూ వస్తుంది. అందులో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్-సింక్ ఆన్ చేయాలి. తరువాత కంప్యూటర్‌లో కార్డు కంపెనీ ఇచ్చిన కంట్రోల్ ప్యానెల్‌లో ఆన్ చేయాలి. ఒకచోట చేసి రెండోచోట మరిస్తే ఏమీ జరగదు. మన అబ్బాయి కంప్యూటర్‌లో చేశాడు, మానిటర్ మెనూ సంగతి తెలియదు. మెనూ అంతా ఇంగ్లీషులో, పొట్టి పొట్టి మాటల్లో ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదివే మన పిల్లలు దాని జోలికి వెళ్ళకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకొక చిన్న పని ఉంది. షేర్ ఆటోకు కూడా ఒక హద్దు ఉంటుంది. 165 హెర్ట్జ్ మానిటర్‌కు సెకనుకు 200 బొమ్మలు వస్తే అది మళ్ళీ పాత తగాదాలో పడుతుంది. కాబట్టి ఆటలో గానీ కంట్రోల్ ప్యానెల్‌లో గానీ ఎఫ్‌పీఎస్ హద్దును మానిటర్ లెక్క కంటే మూడు నాలుగు తక్కువగా, అంటే 161 లేదా 162గా పెట్టుకోవాలి. కింద కూడా హద్దు ఉంది. చాలా మానిటర్లకు అది 48. బొమ్మలు అంతకంటే తగ్గితే మంచి మానిటర్ ఒక్కో బొమ్మను రెండుసార్లు చూపి నెట్టుకొస్తుంది. పై హద్దు కింది హద్దుకు రెండింతల పైన ఉంటేనే ఆ వెసులుబాటు దొరుకుతుంది. కొనేటప్పుడు 48 నుంచి 75 వరకే అని రాసి ఉన్నదానికీ, 48 నుంచి 165 వరకు అన్నదానికీ తేడా ఇదే.

ఇవన్నీ చేశాక ఆట చాలావరకు కుదుటపడింది. అయినా నాలుగైదు నిమిషాలు ఆడాక ఒక్కొక్క పెద్ద కుదుపు వస్తూనే ఉంది. అబ్బాయి తెర మూలన ఎఫ్‌పీఎస్ అంకె చూపించి, సగటు 100 వస్తోంది కదా సార్, ఇంకేం కావాలి అన్నాడు. బల్ల దగ్గర కాగితం తీసుకుని లెక్క వేసి చూపాను. సెకనులో 99 బొమ్మలు ఒక్కోటి 9 మిల్లీసెకన్లలో వచ్చాయి అనుకో, మొత్తం 891. వందో బొమ్మ ఒక్కటి 109 మిల్లీసెకన్లు తీసుకుంది. మొత్తం 1000, అంటే సరిగ్గా ఒక సెకను, 100 బొమ్మలు. సగటు బ్రహ్మాండం. కానీ ఆ ఒక్క బొమ్మ దగ్గర కన్ను ఢక్కామొక్కీలు తింటుంది. తరగతి సగటు 60 మార్కులని హెడ్మాస్టరుకు చూపిస్తాము, అందులో 12 మార్కులు వచ్చిన పిల్లవాడు కనపడడు. అందుకే ఈ విషయం తెలిసినవాళ్ళు సగటు చూడరు, 1 శాతం లో అనే అంకె చూస్తారు. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన బొమ్మల లెక్క అది. ప్రెజెంట్‌మాన్, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆ అంకెను చూపిస్తాయి.

ఆ పెద్ద కుదుపు ఎక్కడిదో తెలుసుకోవడానికి వేడి చూశాము. ప్రాసెసర్ 98 డిగ్రీల దగ్గర ఉంది. సుమారు 95, 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కంప్యూటర్ పెట్టె మంచం పక్కన నేల మీద ఉంది. దుమ్ము పడకుండా తల్లి దాని మీద పాత చీర ముక్క కప్పింది. ఆమె ఉద్దేశం మంచిదే, కానీ వేడి గాలి బయటికి పోయే దారి అదే. వెనక ఫ్యానుకు నూగు అంటుకుని దూదిలా ఉంది. కరెంటు తీసేసి, పెయింటు బ్రష్షుతో ఫ్యాను రెక్కలు కదలకుండా వేలితో పట్టుకుని దుమ్ము దులిపి, పెట్టెను బల్ల మీదికి ఎక్కించి, గుడ్డ తీసేశాము. వేడి 80 లోపుకు దిగింది. పెద్ద కుదుపు పోయింది. ధర్మపురి ఎండల్లో ఇది సెట్టింగుల కంటే ముందు చూడవలసిందేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒక రకం కుదుపు మాత్రం మానదు, దాన్ని చూసి భయపడనక్కరలేదు. కొత్త ఆటలో ఒక చోటుకు మొదటిసారి వెళ్ళినప్పుడు, ఒక పేలుడు మొదటిసారి జరిగినప్పుడు, ఆ వెలుగునీడలను గీసే షేడర్ అనే చిన్న ప్రోగ్రాములను కంప్యూటర్ అప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. క్షణం ఆగుతుంది. రెండోసారి అదే చోట ఆగదు. డ్రైవరు మార్చిన మర్నాడు కూడా ఇలా జరుగుతుంది. అదే చోటుకు రెండుసార్లు వెళ్ళి చూడటమే దీనికి పరీక్ష.

కార్డు నిజంగా చాలకపోవడం అనేది కూడా ఉంటుంది, దాచడం ఎందుకు. ఆ అబ్బాయి దగ్గరున్న రెండు ఆటలకు కార్డు సరిపోయింది, మూడోది కొత్తది, దానికి సరిపోలేదు. నీడల నాణ్యత, ప్రతిబింబాలు ఒక మెట్టు తగ్గించాము. ఆడదగినట్టు అయింది. మధ్యమధ్య బొమ్మలను ఊహించి అల్లే ఫ్రేమ్ జనరేషన్ అనే సౌకర్యం కొత్త కార్డుల్లో ఉంది. అంకె పెరుగుతుంది గానీ చేతికి స్పందన పెరగదు. ఆ అంకె చూపించి కార్డు అమ్మితే తొందరపడకండి.

నీడ వెంబడించడం ఇంకో ఫిర్యాదు. కదిలే వస్తువు వెనక మసక తోక కనిపిస్తుంది. అది కుదుపు కాదు. మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్ లేదా రెస్పాన్స్ టైమ్ అని ఉంటుంది, దానిలో నడిమి మెట్టు పెట్టండి. చివరి మెట్టు పేరు చూడటానికి ఘనంగా ఉంటుంది గానీ, అక్కడ పెడితే తోక పోయి తెల్లటి అంచు వస్తుంది.

సినిమాలు చూసేవారికి ఒక మాట. సినిమా సెకనుకు 24 బొమ్మలు. 60 హెర్ట్జ్‌లో అది సమంగా భాగం కాదు, ఒక బొమ్మ మూడుసార్లు, తరువాతిది రెండుసార్లు పడుతుంది. కెమెరా నిదానంగా పక్కకు తిరిగే దృశ్యాల్లో సన్నని ఊగిసలాట కనపడేది అందుకే. 120 అయితే 24 చేత అయిదుసార్లు, 30 చేత నాలుగుసార్లు, 60 చేత రెండుసార్లు భాగమవుతుంది. 165 దేనికీ భాగం కాదు. కాబట్టి సినిమాకు 120, ఆటకు 165. మారుస్తూ ఉండటం విసుగనుకునేవారు 120 దగ్గరే ఉంచుకున్నా పెద్దగా పోయేది లేదు.

ల్యాప్‌టాప్ వాడేవారు కరెంటు పోయిన సమయం గమనించండి. బ్యాటరీ మీదికి రాగానే చాలా ల్యాప్‌టాప్‌లు కార్డు వేగం తగ్గిస్తాయి, కొన్ని తెరను 60కి దించుతాయి. అది జబ్బు కాదు, పొదుపు. ఫోనులో బ్యాటరీ సేవర్ పెట్టినప్పుడు 120 హెర్ట్జ్ తెర 60కి దిగడమూ అంతే.

ఏది మార్చినా ఒక్కటొక్కటిగా మార్చి, పాత విలువ కాగితం మీద రాసుకోండి. ఆ ఆదివారం మేము రాసుకున్న కాగితం ఆ ఇంట్లో మానిటర్ వెనక ఇప్పటికీ అంటించి ఉంది. గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. ఒకే ఒక్కటి మాకు లొంగలేదు. ఒక ఆటలో చీకటి గుహలోకి వెళితే తెర సన్నగా మినుకుమంటుంది. షేర్ ఆటో పద్ధతిలో బొమ్మల వేగం ఎగుడుదిగుడైనప్పుడు కొన్ని రకాల తెరల వెలుతురు అలా మారుతుంది. ఆ ఒక్క ఆటకు అబ్బాయి ఫ్రీసింక్ ఆపుకుని ఆడుతున్నాడు.